‘అమ్మమ్మ’లో రెండు ‘మ్మ’లు

(విజయవాడలో డీటీపీ ఆపరేటర్లకు, డిజైన్ విద్యార్థులకు పెట్టిన శిక్షణ తరగతిలో చేతిరాత ఫాంట్ల మీద చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి తెర సరిగ్గా కనబడుతోందా? కనబడకపోతే మొహమాటపడకుండా ముందుకు వచ్చి కూర్చోండి. ఇవాళ్టి విషయం చెవితో కంటే కంటితో ఎక్కువ అర్థమవుతుంది.

తెర మీద ఒకే మాటని రెండుసార్లు పెట్టాను. ‘అమ్మమ్మ’. పైది ఒక చేతిరాత ఫాంట్‌లో టైపు చేసింది. కిందది మా మేనత్త బాల్‌పెన్నుతో కాగితం మీద రాస్తే స్కాన్ చేసింది. ఏది ఏదో నేను చెప్పకముందే చాలామంది కనిపెట్టేశారని మీ మొహాలు చూస్తుంటే తెలుస్తోంది. ఎలా కనిపెట్టారు? పైదాంట్లో రెండు ‘మ్మ’లూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. తలకట్టు వంపు అదే, తోక తిరిగిన తీరు అదే, కింద ఒత్తు కూర్చున్న చోటు అదే. కిందదాంట్లో అలా లేదు. మొదటి ‘మ్మ’ కుదురుగా ఉంది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి మాట అయిపోతోందని చేతికి తెలుసు కాబట్టి కొస కాస్త సాగింది. ఒత్తు చిన్నదైంది, కుడివైపుకి కొంచెం జరిగింది. అత్తయ్య కావాలని అలా రాయలేదు. చెయ్యి అలా పోయింది, అంతే.

ఈ రెండు ‘మ్మ’ల మధ్య తేడా గురించే నేను ఇవాళ మాట్లాడతాను. చేతిరాత ఫాంట్ ఎందుకు వాడతాం? ఆ మాటలు ఎవరో ఒక మనిషి కూర్చుని తన కోసం రాసినట్టు చదివేవాళ్లకి అనిపించాలని. కాబట్టి ఫాంట్ ఎంచుకునేటప్పుడు రెండే ప్రశ్నలు వేసుకోవాలి. ఇక్కడ నిజంగా ఒక మనిషి మాట్లాడుతున్నాడా? మాట్లాడుతుంటే, ఈ అక్షరాలు ఆ మనిషివేనా?

నాకు ఈ ప్రశ్నలు నేర్పింది మా పెదనాన్నగారు. ఆయన తెనాలిలో బోర్డులు రాసేవారు. వేసవి సెలవల్లో ఆయన వెంట రంగు డబ్బాలు పట్టుకుని తిరిగేవాణ్ణి. రేకు మీద బేస్ వేసి, అది ఆరాక, సుద్దపొడి రుద్దిన దారాన్ని చెరో కొసా పట్టుకుని బిగించి మధ్యలో లాగి వదిలేవాళ్లం. తెల్లటి గీత పడేది. పైగీత అక్షరం నెత్తికి, కిందిగీత అడుక్కి. ఒత్తులకి మాత్రం గీత ఉండేది కాదు, అది ఆయన కంటి లెక్క. బ్రష్షు ముంచే ముందు కొట్టు యజమానిని ఒకటే అడిగేవారు: “మీ కొట్టుకి ఎవరొస్తారండీ?” జవాబుని బట్టి అక్షరం మారేది. సహకార బ్యాంకుకి, ఎరువుల దుకాణానికి నిటారుగా నిలబడే అచ్చు అక్షరాలు. లేడీస్ టైలరుకి, ఫొటో స్టూడియోకి, మిఠాయి కొట్టుకి కొంచెం వాలిన రాత అక్షరాలు. ఒకసారి నేను బ్యాంకు బోర్డు కూడా రాతలో రాస్తే బావుంటుంది కదా అంటే, “ఆ బోర్డు చూసి డబ్బు ఎవడు దాచుకుంటాడురా?” అన్నారు. డిజైన్ పుస్తకాల్లో ఆ తర్వాత నేను చదివినవన్నీ ఈ ఒక్క మాటకి వివరణల్లాగే అనిపించాయి.

మనం మాట్లాడుకుంటున్నది అలవోకగా రాసినట్టుండే ఫాంట్ల గురించి. తెలుగులో బాగా రాసేవాళ్లని ముత్యాల్లాంటి అక్షరాలంటాం. బాగా రాయనివాళ్లని కోడి గెలికినట్టుందంటాం. ఈ ఫాంట్లు ఆ రెండింటికీ మధ్య ఉంటాయి. పెళ్లి శుభలేఖ మీద మెలికలు తిరిగే అలంకారపు రాత వేరు, ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చీటీ వేరు. మనది ఆ చీటీ. శ్రద్ధ ఉంటుంది కానీ సింగారం ఉండదు. గీత మందం దాదాపు ఒకేలా ఉంటుంది, ఎందుకంటే అది పాళీ కాదు, బాల్‌పెన్నో స్కెచ్‌పెన్నో. అక్షరాలు గీత మీద కచ్చితంగా నిలబడవు. ఒకటి చిటికెడు పైకి, ఒకటి కిందకి ఉంటాయి. సున్న పూర్తిగా మూసుకోదు. తలకట్టు ఒకచోట టిక్కు పెట్టినట్టుంటుంది, ఇంకోచోట చిన్న గీతైపోతుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో ఈ పని చాలాకాలం కిందటే మొదలైంది. ఫ్రాన్సులో మార్సేయ్ నగరంలో అచ్చు అక్షరాలు పోతపోసే ఒలీవ్ ఫౌండ్రీ 1953లో మిస్ట్రాల్ అనే ఫాంట్ విడుదల చేసింది. రోజర్ ఎక్స్‌కొఫాన్ అనే ఆయన తన సొంత దస్తూరీని ఆధారం చేసుకుని గీశాడు. ఆ ప్రాంతంలో వీచే ఒక గాలి పేరు దానికి పెట్టారు. అవి సీసం అక్షరాల రోజులని గుర్తుపెట్టుకోండి. ఒక్కో అక్షరం ఒక్కో లోహపు దిమ్మ. ఏ అక్షరం పక్కన ఏది పెట్టినా, దీని తోక దాని మొదలుకి వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. కలిసిన చోటు కంటికి కనబడకూడదు. దిమ్మల మీద అంత వేగంగా రాసినట్టు కనిపించే గీత తీసుకురావడానికి ఆయన ఎంత కష్టపడి ఉంటాడో ఊహించుకుంటే నాకు ఇప్పటికీ గౌరవంతో చేతులు జోడించాలనిపిస్తుంది.

తర్వాత అందరికీ తెలిసిన కామిక్ సాన్స్. 1994లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే విన్సెంట్ కొన్నారే గీశాడు. దాని పుట్టుక తెలుసుకోవాలి. పిల్లలకీ, కంప్యూటర్ కొత్తవాళ్లకీ మైక్రోసాఫ్ట్ బాబ్ అనే ప్రోగ్రామ్ తయారవుతోంది. అందులో రోవర్ అనే కుక్క బొమ్మ మాట్లాడుతుంది. దాని మాటల బుడగలో టైమ్స్ న్యూ రోమన్ అక్షరాలు పెట్టారు. కుక్కపిల్ల నోట్లోంచి దినపత్రిక అక్షరాలు రావడం కొన్నారేకి నచ్చలేదు. కామిక్ పుస్తకాల్లో చేత్తో రాసే అక్షరాలు చూసి కొత్తది గీశాడు. ఆ ప్రోగ్రామ్‌కి సమయానికి అందలేదు గానీ, విండోస్ 95 కాలంలో ఆ ఫాంట్ లోకమంతా పాకింది. తర్వాత అంబులెన్సుల మీదా, హెచ్చరిక బోర్డుల మీదా కూడా కనబడేసరికి డిజైనర్లకి కోపం వచ్చింది. 2012 జులై 4న యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో హిగ్స్ బోసాన్ అనే కణానికి సంబంధించిన ఫలితాలు ప్రకటించినప్పుడు శాస్త్రవేత్త ఫాబియోలా జానొట్టి చూపించిన స్లయిడ్లు కామిక్ సాన్స్‌లో ఉన్నాయి. దాని మీద కూడా పెద్ద చర్చే జరిగింది.

నేను కామిక్ సాన్స్‌ని తక్కువ చెయ్యను. మాటల బుడగ కోసం పుట్టింది, అక్కడ ఈ రోజుకీ చక్కగా ఉంటుంది. అక్షరాలు ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా ఉంటాయి కాబట్టి డిస్లెక్సియా ఉన్నవాళ్లకి చదవడం సులువని బ్రిటిష్ డిస్లెక్సియా సంఘం సూచించే ఫాంట్లలో అదీ ఒకటి. చదవడానికి ఇబ్బందిపడే ఒక పిల్లవాడికి సాయపడే అక్షరాన్ని వెక్కిరించడం మంచిది కాదు. తప్పు వాడిన చోటులో ఉంది.

ఇక మన తెలుగు. తెలుగులో వేగంగా రాసే రాత కొత్తదేం కాదు. కరణాల గొలుసుకట్టు రాత గురించి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి, మాటలోంచి మాటలోకి గొలుసు అల్లినట్టు రాసుకుంటూ పోయేవారు. పాత భూమి దస్తావేజులు ఇంట్లో ఉంటే తీసి చూడండి. అది చదవగలిగినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. ఎవరికైనా పొలం తగాదా వస్తే అది చదివేవాళ్ల కోసం ఊరూరా వెతుక్కోవలసి వస్తోంది.

దీన్ని ఎందుకు ఎత్తానంటే, చాలామంది కుర్రవాళ్లు నా దగ్గరికి వచ్చి “సార్, ఇంగ్లీషులో స్క్రిప్ట్ ఫాంట్లు కలిసి ఉంటాయి కదా, తెలుగులో కూడా అక్షరాలన్నీ కలిపేద్దామా?” అంటారు. ఇంగ్లీషు చిన్నక్షరాలు కింది గీత దగ్గర ఒకదానికొకటి చెయ్యి అందిస్తాయి. మన అక్షరం గుండ్రంగా తిరిగి తిరిగి చాలాసార్లు పైన, కుడివైపు తలకట్టు దగ్గర ముగుస్తుంది. దాన్ని పక్క అక్షరానికి బలవంతంగా ఒక గీతతో కలిపితే ఆ గీత దీర్ఘంలానో కొమ్ములానో కనబడుతుంది. ‘కల’ కాస్తా ‘కాల’ అవుతుంది. గొలుసుకట్టు చదవడం కష్టం కావడానికి ఇదీ ఒక కారణమే. ఇవాళ మనం ఇంట్లో రాసుకునే తెలుగు చాలావరకు విడి అక్షరాలే. కాబట్టి అలవోకతనం కలపడంలో రాదు. వాలులో, వంపులో, అక్షరాల మధ్య ఉండే ఎడంలో వస్తుంది.

మన చేతిరాతకి అచ్చులో ఒక గౌరవం తెచ్చింది బాపుగారు. 1933లో పుట్టి 2014లో పోయిన ఆయన బొమ్మ కింద సంతకం చూడక్కర్లేదు, అక్షరం చూస్తే చాలు, ఎవరిదో చెప్పేస్తాం. ఆ రాత తర్వాత ఫాంట్‌గా కూడా వచ్చింది. ఆ ధోరణిలో ఎన్ని శుభలేఖలు, ఎన్ని కొట్ల బోర్డులు వచ్చాయో మీకు చెప్పనక్కర్లేదు. అయితే ఒక మాట మనసులో పెట్టుకోండి. అది అంత గట్టిగా ఒక మనిషికి చెందిన రాత కాబట్టి, అది కనబడగానే చదివేవాడికి బొమ్మలు, గోదావరి, చమత్కారం గుర్తొస్తాయి. మీరు చెప్పే విషయానికి వాటితో సంబంధం ఉంటే బంగారమే. ఎరువుల ధరల పట్టికకి అది వేస్తే ఆయన గొంతుతో యూరియా ధర చెప్పించినట్టు ఉంటుంది. నాకు అది బాధగా ఉంటుంది.

యూనికోడ్‌లో, అంటే ఏ భాష అక్షరాన్నైనా అన్ని కంప్యూటర్లూ ఒకే సంఖ్యతో గుర్తుపట్టే పద్ధతిలో, ఉచితంగా దొరికేవాటిలో లక్కిరెడ్డి ఫాంట్‌ని చూడండి. అమెరికాలోని తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో అదొకటి, గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. చేతిరాత ధోరణిలో, శీర్షికలకీ పోస్టర్లకీ ఆహ్వాన పత్రాలకీ పనికొచ్చేలా గీశారు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఇచ్చారు కాబట్టి మీ వ్యాపార పనుల్లోనూ వాడుకోవచ్చు. దేవనాగరిలో ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లు చేసిన కలం అనే ఫాంట్ ఉంది. చేతిరాత ఫాంట్‌ని ఎంత ఓపికగా చెయ్యవచ్చో తెలుసుకోవడానికి దాన్ని తెరిచి చూడండి. తెలుగులో ఈ కోవకు చెందినవి ఇంకా చాలా తక్కువ. ఎందుకు తక్కువో చెబుతాను.

క్ష, ఱ కలుపుకుంటే 36 హల్లులు. ఒక్కోదానికి అకారం నుంచి ఔకారం దాకా, వట్రుసుడితో కలిపి 13 రూపాలు. అంటే 468. పొల్లులు 36, ఒత్తులు 36, అచ్చులు, సున్న, అంకెలు, విరామ చిహ్నాలు. ఇంకా ఒకే ఒత్తు ఒక్కో అక్షరం కింద ఒక్కోలా సర్దుకోవాలి. ఇంగ్లీషు వాళ్లు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలతో మొదలుపెడితే, మనం ఐదారు వందలతో మొదలుపెట్టాలి.

పాత డీటీపీ ఫాంట్లలో అంత చోటే ఉండేది కాదు. మొత్తం 256 గళ్లు. అందులో వాడుకోగలిగేవి ఇంకా తక్కువ. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. టైపు చేస్తుంటే వాటిని పక్కపక్కన పేర్చి ఒకటిగా చూపించేవారు. అచ్చు అక్షరాలకి అది సరిపోయింది. ఆ మేధస్సుకి నేను దణ్ణం పెడతాను, ఎందుకంటే తెలుగు ప్రెస్సులన్నీ ఏళ్ల తరబడి ఆ ముక్కల మీదే నడిచాయి. చేతిరాతకి మాత్రం అది కుదరదు. చెయ్యి ముక్కలుగా రాయదు. మీరు ‘ము’ రాసేటప్పుడు ‘మ’ ముగించి, పెన్ను ఎత్తి, కొమ్ము తగిలించరు. తోక తిరుగుతూనే కొమ్ము అయిపోతుంది. ‘కి’ రాసేటప్పుడు తలకట్టు రాసి దాన్ని చెరిపేసి గుడి పెట్టరు.

యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాక మామూలు కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు కనబడటం మొదలైంది. ఓపెన్‌టైప్ పద్ధతిలో మీరు మ, కొమ్ము రెండు మీటలు నొక్కితే, ఫాంట్ లోపల ఉన్న నియమం ఆ రెండింటినీ తీసేసి, ఒకే గీతలో గీసిన ‘ము’ని తెచ్చి పెడుతుంది. అంటే ముక్కలు అతికించే అవసరం పోయింది. ప్రతి గుణింతాన్నీ చెయ్యి రాసినట్టే గీసుకోవచ్చు. పని ఎక్కువ, కానీ దారి ఉంది.

ఇప్పుడు మా మేనత్త సంగతి. ఆవిడ ఇంట్లో పచ్చళ్లు పెట్టి తెలిసినవాళ్లకి అమ్ముతారు. సీసాల మీద చీటీలు తనే రాసి అంటించేవారు. ‘కొత్తావకాయ’, ‘గోంగూర’, ‘మాగాయ’. ఆర్డర్లు పెరిగి చెయ్యి నొప్పి పుడుతోందంటే, నీ రాతతోనే ఫాంట్ చేసిపెడతానన్నాను. ఇంటర్నెట్‌లో చెప్పినట్టే ఒక పెద్ద కాగితం మీద గళ్లు కొట్టి, ఒక్కో గడిలో ఏ అక్షరం రాయాలో మూలన చిన్నగా పెట్టి ఇచ్చాను.

“ఇదేంట్రా, నాకు పరీక్ష పెడుతున్నావా?” అన్నారు.

“కాదత్తయ్యా, గడికొక అక్షరం రాసివ్వు చాలు.”

రెండు రోజులు కూర్చుని రాశారు. పాపం ఎంత శ్రద్ధగా రాశారో. చూస్తే ఒక్క అక్షరం కూడా ఆవిడది కాదు. చిన్నప్పుడు బళ్లో కాపీ పుస్తకంలో దిద్దిన అక్షరాలు అవి. గుండ్రంగా, బుద్ధిగా, గడి మధ్యలో నిలబడ్డాయి. వాటితో ఫాంట్ చేసి ‘గోంగూర’ అని టైపు చేసి చూపిస్తే, “బానే ఉంది నాన్నా, కానీ ఎవరిదో రాతలా ఉంది” అన్నారు.

అప్పుడు వంటింటి తలుపు వెనక మేకుకి గుచ్చిన చీటీలు అడిగాను. పచారీ కొట్టుకి పంపే సామాన్ల చీటీలు, ఎవరికి ఎన్ని కేజీలు పంపాలో రాసుకున్న కేలండర్ కాగితాల వెనక వైపులు. ఓ అరవై దాకా దొరికాయి. ఇదిగో, ఈ ‘గోంగూర’ చూడండి. దగ్గరగా చూపిస్తాను. ‘గో’ పెద్దగా మొదలైంది. సున్న దాదాపు చుక్క అయిపోయింది. ‘గూ’కి ఉన్న కొమ్ము దీర్ఘం సాగి సాగి పక్కనున్న ‘ర’ నెత్తిని తాకింది. ఆ తాకిన చోటే ‘ర’కి తలకట్టు అయిపోయింది. వేరేగా పెట్టలేదావిడ. ఇది ఏ గడిలోనూ రాదు. ‘ర’ ఒక్కదాన్నే రాయమంటే చక్కగా తలకట్టు పెట్టి ఇస్తారు. ‘గూ’ తర్వాత వచ్చినప్పుడు మాత్రమే ఇలా రాస్తారు.

ఆ చీటీల్లోంచి మాటలు కత్తిరించి, మాటల్లోంచి అక్షరాలు తీశాను. ఎక్కువగా వచ్చే అక్షరాలకి మూడేసి రూపాలు దొరికాయి: మాట మొదట్లో వచ్చేది, మధ్యలో వచ్చేది, చివర వచ్చేది. ఫాంట్‌లో సందర్భాన్ని బట్టి రూపం మార్చే నియమం రాసుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో పాబ్లో ఇంపల్లారి చేసిన కేవియట్ అనే ఇంగ్లీషు ఫాంట్‌లో ఈ పద్ధతి ఉంది. ఒకే అక్షరం మాటలో ఎక్కడ వచ్చింది, ఎన్నోసారి వచ్చింది అన్నదాన్ని బట్టి కాస్త మారుతుంది. అదే నేను ‘మ్మ’కి పెట్టాను. అందుకే మొదట్లో మీకు చూపించిన ‘అమ్మమ్మ’కి, ఇప్పుడు తెర మీద ఉన్న ఈ మూడో ‘అమ్మమ్మ’కి తేడా చూడండి. ఇది ఫాంటే. కానీ రెండు ‘మ్మ’లూ ఒకటి కావు. అత్తయ్య దీన్ని చూసి ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, “ఇది నేనెప్పుడు రాశాను?” అని అడిగారు.

చీటీల మీద ఇప్పుడు ఆ ఫాంటే ఉంది. అలాంటి చోట ఇది అన్నివిధాలా సరైన వాడకం. పచ్చడి పెట్టింది ఒక మనిషి, ఆ మాట చెబుతున్నదీ ఆ మనిషే, అక్షరమూ ఆ మనిషిదే. అయితే తూకం, తయారీ తేదీ, ధర, ఏమేం వేశారో చెప్పే జాబితా మామూలు అచ్చు ఫాంట్‌లోనే పెట్టాను. పేరు మాత్రమే చేతిరాత. తేదీ దగ్గర మనిషి గొంతు అవసరం లేదు, స్పష్టత కావాలి.

ఈ జాగ్రత్త నాకు ఒక తప్పు చేశాకే వచ్చింది. ఒక కంటి ఆసుపత్రి వాళ్లు ఆపరేషన్ అయినవాళ్లకి ఇచ్చే కార్డు చెయ్యమన్నారు. ఏ చుక్కల మందు, రోజుకి ఎన్నిసార్లు వెయ్యాలి అన్న వివరాలు. డాక్టరుగారే ఆప్యాయంగా రాసిచ్చినట్టు ఉండాలని నేనే ఒక చేతిరాత ఫాంట్ ఎంచుకున్నాను. చూడటానికి ఎంతో బాగుంది. ఆ ఫాంట్‌లో 4 అంకె పైన మూసుకుపోయి ఉంటుంది. ఒక పెద్దాయన ఇంట్లో వాళ్లు రోజుకి 9 సార్లు వెయ్యాలా అని ఫోన్ చేసి అడిగారు. అడిగారు కాబట్టి సరిపోయింది. ఆ కార్డు వెళ్లింది ఆపరేషన్ అయి, ఒక కంటికి కట్టుతో ఉన్న మనుషుల చేతికి. కార్డులన్నీ వెనక్కి తీసుకుని నా ఖర్చుతో మళ్లీ కొట్టించి ఇచ్చాను. అప్పటినుంచి మందు, డబ్బు, తేదీ, ఫోన్ నంబరు, మనిషి పేరు, వీటిలో ఏదీ చేతిరాత ఫాంట్‌లో పెట్టను. మీరూ పెట్టకండి.

పేరు ఎందుకన్నానో చూపిస్తాను. ఇది ‘సుధ’. ‘ద’కీ ‘ధ’కీ తేడా అడుగున ఉన్న ఆ చిన్న నిలువు గీతే. అలవోకగా రాసే ఫాంట్లలో ఆ గీత కుదించుకుపోయి కనీకనబడకుండా ఉంటుంది. శుభలేఖ మీద ‘చి.ల.సౌ. సుద’ అని పడితే ఆ అమ్మాయి జీవితాంతం ఆ కార్డు దాచుకోవాలి. అలాగే ‘వు’. ‘వ’కి కొమ్ము పక్కన కాకుండా కింద నుంచి ఎందుకు వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? పక్కన తగిలిస్తే అది ‘మ’ అయిపోతుంది. తొందరలో గీసిన చేతిరాత ఫాంట్లలో ఈ కొమ్ము పక్కకి జరిగి ఉంటుంది. పాల ప్యాకెట్ మీద ‘ఆవు పాలు’ అని వేస్తే ‘ఆమ పాలు’ అని చదువుతారు. అందుకని కొత్త తెలుగు చేతిరాత ఫాంట్ ఏది దొరికినా ముందు ఈ నాలుగు మాటలు టైపు చేసి చూడండి: సుధ, రథం, ఆవు, పువ్వు. తర్వాత ‘స్త్రీ’, ‘రాష్ట్రం’. ఒత్తు కింద ఒత్తు వచ్చినప్పుడు ఫాంట్ విరిగిపోతోందా, నిలబడుతోందా తెలుస్తుంది. పేజీలు కంపోజ్ చెయ్యడానికి ఇన్‌డిజైన్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు, అందులో మన లిపుల్ని సరిగ్గా పేర్చే వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకున్నారో లేదో కూడా చూసుకోండి. అది పెట్టకపోతే ఎంత మంచి ఫాంట్ అయినా ఒత్తులు విడిపోతాయి, మీరు ఫాంట్‌ని తిట్టుకుంటారు.

వరసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. చేతిరాతలో అవి ఇంకా పైకీ కిందకీ పోతాయి. పై వరస ఒత్తు కింది వరస గుడిలో చిక్కుకోకూడదు. పేరాలు పేరాలు దీనితో కంపోజ్ చెయ్యకండి. రెండు మూడు వరసలు దాటితే కన్ను అలిసిపోతుంది. ఒకే ఒక్క మినహాయింపు ఉంది: కథలో ఒక పాత్ర ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరం వరకు పెట్టవచ్చు, అదీ మిగతా కథ కంటే కాస్త పెద్ద సైజులో. పిల్లల పుస్తకాల్లో మాటల బుడగలకి, వంటల వీడియోల పైబొమ్మలకి, కాఫీ హోటల్ నల్లబల్ల మీద ఇవాళ్టి స్పెషల్‌కి, బహుమతి మీద కట్టే చిన్న అట్టముక్కకి ఇది అమిరినంతగా ఇంకేదీ అమరదు.

ఇంకొకటి, కొంచెం కష్టంగానే చెబుతున్నాను. మా ఊళ్లో ఒక చావు ఫ్లెక్సీ చూశాను. ‘శ్రద్ధాంజలి’ అని గెంతుతున్నట్టుండే ఒక చేతిరాత ఫాంట్‌లో వేశారు, పుట్టినరోజు కేకు మీద రాసినట్టు. పోయినాయన నాకు తెలుసు. ఆ అక్షరాల కింద ఆయన ఫొటో చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. రాత్రి పదింటికి ఫోన్ చేసి పొద్దున్నకి కావాలంటారు, నిజమే, మీ ఇబ్బంది నాకు తెలుసు. అయినా ఫాంట్ మార్చడానికి పది సెకన్లు కూడా పట్టదు.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థిని: సార్, మా తాతగారి ఉత్తరాలున్నాయి. ఆయన లేరు. వాటితో ఫాంట్ చేసి అందరికీ ఇవ్వొచ్చా?

మీ ఇంట్లో అందరూ ఒప్పుకుంటే చెయ్యమ్మా, తప్పకుండా చెయ్యి. అందరికీ ఇచ్చే ముందు మాత్రం ఒకటి ఆలోచించు. ఫాంట్ అయ్యాక ఆ రాతతో ఎవరైనా ఏమైనా రాయగలరు. తాతగారు ఎప్పుడూ అనని మాట ఆయన అక్షరాల్లో కనబడొచ్చు. అందుకని ఇంట్లో వాడుకోవడానికి ఒకటి ఉంచుకుని, బయటికి ఇచ్చేదానికి కొంచెం మార్పులు చెయ్యి. సంతకంలో వచ్చే అక్షరాల కలయికని మాత్రం ఎప్పుడూ పెట్టకు. మా అత్తయ్య ఫాంట్‌లో ఆవిడ పొడి అక్షరాలు రెండూ నేను వేరేగా గీశాను.

ఒక ఆపరేటర్: మా దగ్గర అందరూ ఇంకా పాత ఫాంట్లే వాడుతున్నారండీ. కస్టమర్ ఫైలు కూడా వాటిలోనే తెస్తాడు.

తెలుసండీ. మారమని ఒక్కరోజులో చెప్పలేను. మెయిన్ మ్యాటర్ మీ అలవాటు ప్రకారమే చేసుకోండి. శీర్షిక ఒక్కటి యూనికోడ్ ఫాంట్‌లో వేరే ప్రోగ్రామ్‌లో చేసి, బొమ్మలా తెచ్చి పెట్టండి. చేతిరాత ఫాంట్ అవసరమయ్యేది ఎలాగూ శీర్షికకే కదా.

సరే, ఇప్పుడు మాటలు ఆపి పని మొదలుపెడదాం. అందరికీ తెల్ల కాగితాలు ఇస్తున్నారు. గళ్లు లేవు, గీతలు కూడా లేవు, కావాలనే తేలేదు. పెన్ను మీది మీరే వాడండి. రేపు పొద్దున్న రైతుబజారుకి ఎవరినైనా పంపుతున్నట్టు ఒక చీటీ రాయండి. కూరగాయలు ఎన్ని కేజీలు, ఏది ముదరకుండా చూసి తేవాలి, చిల్లర ఎంత మిగలాలి, అన్నీ రాయండి. గోంగూర ఉంటే మంచిది, బలవంతం లేదు. అందంగా రాయాలని చూడకండి. పది నిమిషాలయ్యాక కాగితం వెనక మీ పేరు రాసి, కిటికీ పక్కన ఉన్న స్కానర్ దగ్గరికి తీసుకురండి.